బాత్రూంలో ఆరుతున్న ఫిల్ము

ఏవండీ,

బాత్రూంలో ఫ్యాను వెయ్యకండి, గీజరు కూడా వద్దు. నిన్న ఫిల్మ్ నగర్ బండల దగ్గర మన పెద్ద కెమెరాతో తీసిన ఫిల్ము అక్కడ ఆరుతోంది. దుమ్ము అంటిందంటే పోయినట్టే. ఈ పూటకి కింద అత్తయ్యగారి బాత్రూంలో స్నానం చేయండి.

తిట్టనంటే ఒకటి చెబుతాను. మీరు నన్ను తీశాక, వైపుకో ఫిల్ము ఉండే ఆ పెట్టెను రెండో వైపుకి తిప్పడం మరిచిపోయి, మిమ్మల్నీ అదే ఫిల్ము మీద తీసేశాను. పొద్దున కడుగుతుంటే సంగతి తెలిసి ఏడుపొచ్చింది. తీరా వెలుతురులో పట్టుకు చూస్తే, ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం! మీ భుజం నా చెవిలోంచి మొదలవుతోంది, అంతే. పనికొచ్చిన బాలమణి చూసి, "ఇదేందమ్మా, సారుకు గప్పుడే జుట్టంత తెల్లబడ్డదా?" అంది. నెగెటివ్ అలాగే ఉంటుందంటే నమ్మదు.

పెళ్ళి ఆల్బంలో ఒక్క ఫొటోలోనైనా మీరు నవ్వారా? ఇందులో నవ్వారు.

సాయంత్రం ఎర్ర లైటు కింద ఇద్దరం కలిసే ప్రింటు వేద్దాం. కాగితం మీద మన ముఖాలు తేలడం నేనొక్కదాన్నే చూడను. కాలేజీ బస్సుకి టైమైంది.

మీ కుసుమ

రెండో వైపు ఫిల్ము ఖాళీగానే ఉంది, పెట్టె తెరవకండి. ఆదివారం కావాలనే తిప్పడం మరిచిపోదాం.