నత్తగుల్లకు నలభై వేలమంది

తకమత్సు,
మార్చి 3

మామేజిమా ద్వీపపు పెద్ద హమాగుచి తొకుజో గారికి నమస్కారం.

మా వీధిలో ప్లమ్ పూలు రాలుతున్నాయి. మీ వైపు సముద్రపు గాలి కాస్త నెమ్మదించిందని తలుస్తాను.

నా పేరు కువబారా మియో. ‘నత్తగుల్ల’ అనే సాహిత్య, కళా పత్రికకు సంపాదకురాలిని. అది కాగితం మీద అచ్చయ్యేది కాదు, ఇంటర్నెట్టులో వస్తుంది. మే 18 ఆదివారానికి దానికి పదేళ్ళు నిండుతాయి. ఆ రోజు మీ ద్వీపంలో మూతపడిన బడిలో వేడుక చేసుకోవాలని కోరిక. గోడలకు బొమ్మలు తగిలిస్తాం, కథలూ కవితలూ చదువుకుంటాం, సాయంత్రం పడవకు వెళ్ళిపోతాం. బడి తాళం మీ దగ్గరే ఉందని విన్నాను.

మాది ఊరూ పేరూ లేని పత్రిక అనుకోకండి. మాకు నలభై వేలమంది పాఠకులున్నారు.

భవదీయురాలు,
మియో

తా.క. మీ ఈమెయిల్ ఇస్తే పని తొందరగా తెములుతుంది.


మామేజిమా,
మార్చి 11

సంపాదకురాలు మియో గారికి,

గాలి తగ్గలేదు. నిన్న నా టోపీ తీసుకుపోయింది. మిగతా అంతా క్షేమం.

బడి ఇస్తాం. మా ద్వీపంలో అరవై ఒక్కమందిమి ఉన్నాం, అందరికీ సంతోషమే. చిక్కల్లా పడవతోనే. మా పడవలో ముప్పై ఎనిమిదిమంది పడతారు, రోజుకు మూడుసార్లు వస్తుంది. నలభై వేలమందిని దింపడానికి మూడు వందల యాభై ఒక్క రోజులు పడుతుందని పోస్టాఫీసు చూసే ఫుజినో గారు లెక్క కట్టారు. నేనూ రెండుసార్లు సరిచూశాను. అంటే పోయిన జూన్‌లోనే మొదలుపెట్టాల్సింది.

ముందుగా దిగినవాళ్ళు మిగతావాళ్ళు వచ్చేదాకా ఎక్కడ పడుకుంటారో కూడా తెలియజేయగలరు.

ఇట్లు,
హమాగుచి తొకుజో

తా.క. ఈమెయిల్ మా ద్వీపానికి ఇంకా రాలేదు. వస్తే రేవులోనే పట్టుకుని మీకు పంపుతాను.

ఇంకో తా.క. బడిలో మరుగుదొడ్లు రెండు. ఒకదాని తలుపు లోపలివాళ్ళే పట్టుకోవాలి.


తకమత్సు,
మార్చి 17

తొకుజో గారికి,

మీ టోపీ దొరికిందని ఆశిస్తాను.

నా రాతలో పొరపాటుంది, మన్నించండి. పాఠకులంతా రారు. వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఫోనులో చదువుకుంటారు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. వేడుకకు వచ్చేవాళ్ళు చాలా తక్కువ. మీరు చాపలు వేసి ఉంచితే చాలు.

భవదీయురాలు,
మియో

తా.క. మరుగుదొడ్ల గురించి బెంగ పెట్టుకోకండి.


మామేజిమా,
మార్చి 26

అమ్మా మియో,

ఉత్తరం రేవు దగ్గరే అందరికీ చదివి వినిపించాను. ‘చాలా తక్కువ’ అంటే ఎంతమంది అన్నదాని మీద చర్చ జరిగింది. ఫుజినో గారు, “పట్నపువాళ్ళు బొత్తిగా మొహమాటస్థులు. ‘ఒక్క ముద్ద చాలు’ అని గిన్నె ఖాళీ చేస్తారు. నూటికొకరు వచ్చినా నాలుగు వందలు” అన్నారు. అందరికీ అదే న్యాయంగా తోచింది.

కాబట్టి నాలుగు వందలమందికి ఆక్టోపస్ అన్నం వండుతున్నాం. పక్క ద్వీపంవాళ్ళను గంగాళాలు అడిగాం. ఆక్టోపస్‌లను అడగలేదు, పడుతున్నాం. స్వాగత నృత్యం కూడా ఉంది. ముప్పై ఏళ్ళుగా ఎవరూ ఆడలేదు. రెండో చరణంలో కుడిచెయ్యి లేపాలా ఎడమచెయ్యా అన్న దగ్గర ఆగిపోయాం.

ఇట్లు,
తొకుజో

తా.క. కవులు ఎక్కువ తింటారా, చిత్రకారులు ఎక్కువ తింటారా? దాన్నిబట్టి బియ్యం నానబోస్తాం.


తకమత్సు,
ఏప్రిల్ 2

తొకుజో గారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. దయచేసి గంగాళాలు వెనక్కి పంపేయండి. వచ్చేది ముప్పైమంది లోపే. ఇది మొహమాటం కాదు. మా అమ్మ మీద ఒట్టు.

భవదీయురాలు,
మియో

తా.క. కవులే ఎక్కువ తింటారు. చిత్రకారులు ఆలస్యంగా వస్తారు, అప్పటికి ఏమీ మిగలదు.


తకమత్సు,
మే 21

పూజ్యులైన తొకుజో గారికి,

ఆ ఆదివారం మీరంతా చేసిన మర్యాదకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మా ఇంట్లో ఇంకా ఆక్టోపస్ అన్నమే తింటున్నాం. మీకొక నిజం చెప్పకపోతే అది అరగదు.

నలభై వేలు పాఠకుల సంఖ్య కాదు. పదేళ్ళలో పత్రికను తెరిచిన సార్ల సంఖ్య. అందులో సగం నేనే, అచ్చుతప్పులు చూసుకోవడానికి. నాతో పడవ దిగిన ఇరవై ఆరుగురిలో ఒక్క పాఠకుడూ లేడు. అందరూ మా అమ్మ పాటల బృందంవాళ్ళూ, మా బంధువులూ. నవ్వాల్సిన కవితకు కళ్ళు తుడుచుకున్న ఆయన మా బాబాయి. ఎక్కడ ఏడవాలో ముందే చెప్పాను, కాగితాలు తారుమారయ్యాయి.

పాఠకుల నుంచి ఒక్క మాట అందక మూడేళ్ళయింది. పదేళ్ళ వేడుక చేసి, ఆ సాయంత్రమే ‘ఇక సెలవు’ అని చెబుదామనుకున్నాను. మీ ద్వీపంవాళ్ళు అంతమంది కదలకుండా కూర్చుని వింటుంటే నోరు రాలేదు. ఈ నెలాఖరుకు ఇంటర్నెట్టులోనే ప్రకటిస్తాను. మిమ్మల్ని మోసం చేసినందుకు క్షమించండి.

మీ
మియో

తా.క. మీ వాళ్ళలో బూడిదరంగు టోపీ ఆయన చివరి వరసలో నిలబడే విన్నారు. కుర్చీ ఇద్దామని వెళ్తే సిగ్గుపడి స్తంభం వెనక్కి జరిగారు. ఆయనకు ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పండి.


మామేజిమా,
మే 27

అమ్మాయ్ మియో,

నీ ఉత్తరం ఈసారి రేవులో చదవలేదు. నేనూ ఫుజినో గారూ తలుపు వేసుకుని చదివాం. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. “మనమూ చెప్పేద్దాం తొకుజో” అన్నారు.

మా ద్వీపంలో ఉన్నది తొమ్మిదిమందిమి. అరవై ఒకటి రిజిస్టరులో అంకె. మిగతా పేర్లవాళ్ళంతా పట్నాల్లో ఉన్నారు. నీకు నలభై వేలమంది ఉన్నారంటే, తొమ్మిదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆ రోజు కూర్చున్న మిగతా యాభై రెండుమందిని ఆక్టోపస్ అన్నం ఆశపెట్టి పక్క ద్వీపం నుంచి పడవలో రప్పించాం. కదలకుండా కూర్చోమని కూడా మేమే చెప్పాం. కానీ రెండో కథ దగ్గరికొచ్చేసరికి చెప్పకుండానే కూర్చున్నారు. అది నేను కళ్ళారా చూశాను.

బూడిదరంగు టోపీ ఆయన మావాడు కాదు. నీవాడనుకున్నాం. మీకంటే ముందు పడవకు వెళ్తుంటే, రేవులో సాగనంపుతూ అడిగితే తెలిసింది. ఆయన పడవ కంపెనీ మనిషి, పేరు సకుమ. ఎక్కేవాళ్ళు లేరని మా పడవ ఆపేయాలని రెండేళ్ళుగా అనుకుంటున్నారట. ఏదో ఒక ఆదివారం వచ్చి తలలు లెక్కపెట్టి వాళ్ళ ఆఫీసుకు చెప్పాలి. ఏ ఆదివారమన్నది ఆయన ఇష్టం.

“ఈ ఆదివారమే ఎందుకొచ్చావు?” అన్నాను.

ఆయన టోపీ తీసి చేత్తో తిప్పుతూ, “నత్తగుల్లలో ప్రకటన చూశానండి. ఆరేళ్ళుగా మధ్యాహ్నం భోజనం దగ్గర చదువుతాను. రాసినవాళ్ళను ఒక్కసారి చూడాలనిపించింది. లెక్కకు కూడా ఈ రోజైతే మీకు మేలని...” అని ఆగిపోయాడు.

“మరి ముందుకొచ్చి ఆ పిల్లతో ఒక్క మాట చెప్పొచ్చుగా?”

“ఏం చెప్పాలో తెలియలేదండి. బాగుందంటే చాలా?”

“చాలు” అన్నాను. అప్పటికి పడవ కూత పెట్టింది.

పడవ ఉంచుతున్నామని నిన్న కాగితం వచ్చింది. కాబట్టి అమ్మాయ్, ఆ రోజు బడిలో ఉన్నవాళ్ళలో నీ పత్రిక కోసం వచ్చినవాడు ఒక్కడే. మాకు ఆ ఒక్కడే సరిపోయాడు. నీకు చాలునో లేదో నువ్వే ఆలోచించుకో.

ఇట్లు,
తొకుజో

తా.క. వెళ్తూ వెళ్తూ సకుమ గారు ఒక కవిత నా చేతిలో పెట్టి, బాగాలేకపోతే వేయవద్దని చెప్పమన్నారు. ఇందులో జతచేశాను. నేనూ ఫుజినో గారూ చదివాం. బాగాలేదు. మళ్ళీ రాసి పంపమని ఆయనకు చెప్పడానికైనా పత్రిక ఉండాలి కదా.