రోగుల పట్టికలో నా పేరు

ఉదయగిరి,
మార్చి 10.

ప్రియమైన అమ్మకు,

నీ చిన్న కూతురు ఏంజెలిన్ వందనాలతో రాసేదేమంటే, ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, ఆయనా, నీ మనవరాలు అశ్వితా క్షేమం. గుంతకల్లులో నువ్వూ, డేవిడ్‌రాజు అన్నయ్యా, వదినా కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. ఎప్పుడూ రాసే మాటే గానీ, ఈసారి ‘క్షేమం’ కింద రెండు గీతలు గీశాను, చూడు. నేను చిక్కి శల్యమై చావుకు దగ్గరపడ్డానని నీకు ఉత్తరం వచ్చింది కదా, అందుకని గీశాను.

ఫోనులో చెబితే నీకు వినపడదు. అన్నయ్య చేత నీకు చెప్పించే సంగతీ కాదిది. అంగన్‌వాడీ పిల్లలు ఇళ్ళకు పోయారు. ఖాళీ గదిలో చాప మీద కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ కళ్ళద్దాలు తుడుచుకుని తీరిగ్గా చదువు. మధ్యలో కోపం వస్తే పక్కన పెట్టి, కాఫీ తాగి మళ్ళీ చదువు.

నువ్వు అడిగినవాటిలో తేలికైనవి ముందు చెప్తాను. నాకు షుగరు లేదు. టీబీ లేదు. పేరు రాయడానికి భయపడి నువ్వు చుక్కలు పెట్టి వదిలేసిన జబ్బు కూడా లేదు. ఆత్మకూరు పోయి రెండుసార్లు రక్తం ఇచ్చి పరీక్షలు చేయించుకున్నాను. కాగితాలు చూసిన డాక్టరమ్మ, "అందరూ నీ మాదిరే ఉంటే నేను ఆస్పత్రి మూసుకోవాల్సిందే తల్లీ" అంది. ఇక నీ అల్లుడు నన్ను బాధపెడుతున్నాడా అని అడిగావు. ఆత్మకూరు డిపోలో బస్సుల కింద దూరి బయటికి వచ్చేసరికే ఆయనకు పొద్దు గూకుతుంది. నన్ను బాధపెట్టే తీరిక ఆయనకెక్కడిది? "మంచంలో నాకు చోటు పెరిగింది, నేనెందుకు బాధపడాల?" అంటాడు. అదీ ఆయన బాధ.

అంగన్‌వాడీలో గర్భిణులను తూచే మిషను ఉంది కదా, రెండేళ్ళ కిందట దాని మీద నేనెక్కితే తొంభై నాలుగు చూపించింది. మొన్న సోమవారం ఎక్కితే అరవై ఏడు. మందు లేదు, మాకు లేదు. పొద్దున్నే ఐదున్నరకు లేచి నడిచాను. రెండోసారి అన్నం వడ్డించుకోవడం మానాను. నెల్లూరు మనిషి నోరు కట్టుకోవడం ఎంత కష్టమో నీకు నేను చెప్పాలా? చేపల పులుసు పొయ్యి మీద ఉడుకుతుంటే వీధిలోకి పోయి నిలబడిన రోజులున్నాయి. అంత కష్టపడి తగ్గించుకున్నదాన్ని రోగం అంటే నాకు ఒళ్ళు మండుతుందా, మండదా?

ఇక లిదియమ్మ సంగతి. మిషను హాస్టల్లో ఒకే ట్రంకు పెట్టెలో బట్టలు సర్దుకున్నప్పటి నుంచి, ముప్పై ఏళ్ళుగా అది నా పక్కనే ఉంది. మందిరంలో నా పక్క చోటు దానిది. బస్టాండు దగ్గర దాని కుట్టుమిషను పక్కనున్న స్టూలు నాది. అలాంటిది, నేను నీరసించిపోతున్నానని, గర్వం పెరిగిందని, మందిరంలో అందరి ముందూ అయ్యగారి మీద అరిచానని అది నీకు రాసింది. నువ్వు దాన్ని నమ్మి, "నాలుగు ముద్దలు ఎక్కువ తిని మళ్ళీ కాస్త ఒళ్ళు చేయి, లిదియమ్మను క్షమాపణ అడుగు, అలాంటి స్నేహం పోతే మళ్ళీ దొరకదు" అని నాకు రాశావు. స్నేహం పోతుందని నాకు భయం లేదనుకున్నావా? ఉంది. అయినా నువ్వు చెప్పిన రెండు పనుల్లో ఒక్కటీ చేయను. ఎందుకో విను.

మొదటి ఐదు కిలోలు తగ్గినప్పుడు ఊరంతా నాకు చుట్టాలే. "మొహంలో కళ వచ్చిందే", "ఏం తింటుండావు, మాకూ చెప్పు" అని దారిలో ఆపి అడిగారు. పది కిలోలు పోయాక ఆ అడగడం ఆగింది. పదిహేను దాటాక "షుగరా?" అన్నారు. ఇరవై దాటాక నన్ను చూసి మాట్లాడుతున్నవాళ్ళు మాటలు ఆపేశారు. లోకులు పలుగాకులని నువ్వే అంటావు, పోనీలే అనుకున్నాను. కానీ మన స్త్రీల సమాజం లోకులు కారు కదమ్మా.

నీకు తెలుసు, సంఘంలో ఫొటో తీసిన ప్రతిసారీ "ఏంజెలిన్ రావాల, ఆమె పక్కన నిలబడితేనే మనం సన్నంగా పడతాం" అని నన్ను చేయి పట్టి లాగేవాళ్ళు. అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని. వాళ్ళ మధ్య కూర్చోవడానికి నేను కట్టే చందా ఆ నవ్వే. ఇరవై ఏళ్ళు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాను. ఇప్పుడు నన్ను లాగే పని వాళ్ళకు లేదు.

గురువారం కూటం అయ్యాక అందరం కలిసి కారం దోసెలు తింటాం కదా. నేను ఒక్క దోసెతో లేస్తే, "మేము తినేది లెక్కబెడతా ఉండావా ఏంది?" అన్నారు. అది ఎగతాళిగానే అన్నారు, నేనూ నవ్వాను. తర్వాత ఒక గురువారం ఎప్పటిలా బైబిలు పట్టుకుని పోతే ఆ ఇంటికి తాళం. కూటం వేరే ఇంటికి మార్చుకున్నారు, నాకు చెప్పలేదు. మరునాడు లిదియమ్మను అడిగాను.

"నువ్వు తినవు గదా మే. పిలిచి నిన్ను ఇబ్బంది పెట్టేదెందుకని" అంది, నా మొహం చూడకుండా.

"నేను వచ్చేది ప్రార్థనకా, దోసెలకా?" అన్నాను.

"ఏమో, మాకు మాత్రం రెండూ ఒకటే" అంది. ఇంటికొచ్చి ఏడ్చానమ్మా. నీ దగ్గర దాచేదేముంది? అశ్విత చూడకుండా దొడ్లో బట్టలు ఉతుకుతూ ఏడ్చాను.

ఫిబ్రవరి మూడో ఆదివారం అయ్యగారు రోగుల కోసం ప్రార్థన చేయడానికి కాగితం తీశారు. పక్షవాతంతో మంచంలో ఉన్న పెంచలయ్య తాత పేరు చదివారు. ఆ తర్వాత, "శరీరంలో నానాటికీ క్షీణించిపోతున్న మన సహోదరి ఏంజెలిన్" అన్నారు. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, ఆ పేరు కొట్టేయండి. నాకు ఏ రోగమూ లేదు."

ఆయన పాపం కంగారుపడ్డారు. "ఎవరో ప్రేమతోనే ఇచ్చినారు తల్లీ, కూర్చో."

"ప్రేమ ఉంటే, దేవుణ్ణి అడగబోయే ముందు నన్ను ఒక మాట అడగాల గదా అయ్యగారూ! నేను యాడికి పోయినాను, ఈ మూడో బెంచీలోనే ఉండాను గదా? కృతజ్ఞతలు చెప్పేవాళ్ళ పేర్లు చదువుతారే, దాంట్లో చేర్చండి."

వెనకెవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు జేబులోంచి పెన్ను తీసి నిజంగానే కొట్టేశారు. ఇంతేనమ్మా నేను అరిచింది. మందిరంలో ఆడపిల్ల గొంతెత్తకూడదని రాశావు. బైబిలు స్త్రీగా ఇరవై ఏళ్ళు మైకు లేకుండా కలిగిరి నుంచి కొండాపురం దాకా ఊరూరా వాక్యం చెప్పిన నువ్వా ఆ మాట అనేది? నా గొంతు ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు?

ఆ పేరు ఇచ్చింది లిదియమ్మేనని, ప్రార్థన అయ్యాక అయ్యగారి కాగితం మీద దస్తూరి చూసి తెలుసుకున్నాను. బయటికి వచ్చాక చింతచెట్టు దగ్గర దాన్ని నిలదీశాను. అప్పుడు అది ఒక మాట అన్నది. ఆ మాట నీకు రాసి ఉండదు. అది నీకు అర్థం కావాలంటే, నాలుగేళ్ళుగా నీ దగ్గర దాచిన సంగతొకటి ముందు చెప్పాలి. కోపం తెచ్చుకో, పర్వాలేదు. కానీ చివరిదాకా చదువు.

నాయనను సమాధి చేసిన రోజు నాకు కళ్ళు తిరిగి పడిపోయానని, అందుకే సమాధుల తోట దాకా రాలేదని నీకు చెప్పారు. అబద్ధం. నాకు కళ్ళు తిరగలేదు. కొండ పక్కన ఆ ఏటవాలు దారి ఉంది చూడు, అది నేను ఎక్కలేకపోయాను. ఇరవై అడుగులు వేసేసరికి ఊపిరి అందలేదు, మోకాళ్ళు మొరాయించాయి. పక్కనున్న రాయి పట్టుకుని నిలబడితే, నాయన పెట్టె మోసేవాళ్ళు నన్ను దాటుకుని పైకి పోయారు. దిగివచ్చి ఆటోలో కూర్చున్నాను. పైనుంచి పాట వినిపించింది. పాట ఆగగానే మన్ను వేస్తున్నారని తెలిసింది. నాయన మీద అందరూ తలా ఒక పిడికెడు వేశారు. కూతురి పిడికెడు పడలేదు.

లిదియమ్మ అప్పటికే సగం దారి ఎక్కింది. వెనక్కి తిరిగి చూసి, నా కోసం దిగివచ్చి ఆటోలో పక్కన కూర్చుంది. నాయన దానికి కూడా నాయనే కదా, హాస్టలు సెలవులకు అది మన ఇంటికే వచ్చేది. నా వల్ల దాని పిడికెడు కూడా పడలేదు. "ఏడవమాక. కళ్ళు తిరిగినాయని మీ అమ్మతో నేను చెప్తాలే" అంది. చెప్పింది. ఇన్నాళ్ళూ ఆ అబద్ధం ఇద్దరం మోశాం. ప్రతి ఈస్టరుకూ సున్నం కొట్టి, పూలు పెట్టిన సమాధి ఫొటోలు నీకు పంపుతున్నాను కదా, అవి రంగులేసే మాల్యాద్రి తీసినవి. నేను ఒక్కసారి కూడా పైకి పోలేదు. నేను నడక మొదలుపెట్టింది డాక్టరు చెబితే కాదమ్మా, అందం కోసమూ కాదు. ఆ దారి ఎక్కడానికి.

ఫిబ్రవరి పదో తారీకున ఎక్కాను. ఎక్కడా ఆగకుండా ఎక్కాను. నాయన దగ్గర కూర్చుని చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఒక పిడికెడు మన్ను తీసి సమాధి మీద పోశాను. దిగగానే కాళ్ళ దుమ్ము కూడా కడుక్కోకుండా లిదియమ్మ కొట్టుకు పరిగెత్తాను. లోకంలో ఈ సంగతి అర్థమయ్యే మనిషి అదొక్కతే.

"నాయన దగ్గరికి పోయొచ్చినా లిదియా! ఆగకుండా ఎక్కినా!"

అది తల ఎత్తలేదు. "మంచిది" అని మిషను తొక్కుతూనే ఉంది. ఆ వచ్చే ఆదివారమే రోగుల్లో నా పేరు రాసిచ్చింది.

అందుకే చింతచెట్టు దగ్గర అంత కోపంగా అడిగాను. "నేను బాగుపడితే నీకేం కష్టమొచ్చింది? చెప్పు!"

"ఫొటోలో ఇప్పుడు ఎవర్ని లాగుతుండారో చూసినావా? నన్ను" అంది. "నాకూ మోకాళ్ళు పోయినాయి. మెట్టు ఎక్కలేకుండా ఉండాను. ఆ పొద్దు నువ్వు కింద కూర్చుంటే నేనుండాను మే. రేపు నేను కింద కూర్చుంటే నా పక్కన ఎవురుండారు? నువ్వు పైన ఉంటావు."

అమ్మా, ఆ మాటకు నా కోపం సగం దిగిపోయింది. మిగతా సగం మాత్రం దిగలేదు, దిగనివ్వలేదు కూడా. "నీ కోసమని మళ్ళీ నేను కింద కూర్చోను లిదియా. చేయి పట్టుకుంటాను, నీ పక్కన పది అడుగులకొకసారి ఆగుతాను, ఏడాది పట్టినా సరే. కూర్చోను మాత్రం కూర్చోను" అన్నాను. అది మొహం తిప్పుకుని పోయింది.

ఇప్పుడు చెప్పు, క్షమాపణ దేనికి అడగాలి? ఊపిరి ఆడుతున్నందుకా? ఒళ్ళు చేయమన్నావు. చేస్తే గురువారం పిలుస్తారు, ఫొటోకు లాగుతారు, నేను నవ్వుతాను. మళ్ళీ మన ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయితే ఆటోలో కూర్చుని పాట వింటాను. నా వల్ల కాదు. అందరూ వదిలేసినా సరే, నా కాళ్ళు నాకుంటాయి.

లిదియమ్మను మాత్రం నేను వదల్లేదు. ఆ మరునాటి నుంచి రోజూ ఐదున్నరకు నడకకు పోతూ దాని గుమ్మం ముందు ఆగుతున్నాను. "లిదియా, వస్తావా?" అని ఒక్కసారి పిలుస్తాను. కాసేపు చూసి వెళ్ళిపోతాను. ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. ఒక్కరోజు కూడా తలుపు తీయలేదు. మొన్నటి నుంచి నేను పోయేసరికే లోపల లైటు వేసి ఉంటోంది. దాని కొడుకు చెప్పాడు, ఇంట్లో ఆ వేళకు లేచేవాళ్ళు వేరే ఎవరూ లేరని.

నువ్వు దానికి జవాబు రాయాలి కదా, రాయి. నా గురించి ఒక్క ముక్క వద్దు, నేను మారానని గానీ, సమాధానపడతానని గానీ రాయకు. ఆ రోజు నా బిడ్డ పక్కన కూర్చున్నావని నాకు తెలిసింది లిదియా, అని రాయి. ఆ మాట దానికి నీ దస్తూరితోనే అందాలి. అబద్ధం ఆడిందని నువ్వు కోప్పడతావేమోనని నాలుగేళ్ళుగా అది నీకు ఎదురుపడడానికి కూడా జంకింది. నువ్వు ఊరొచ్చినప్పుడల్లా దానికి జ్వరం వచ్చేది, గుర్తుందా?

ఈస్టరుకు ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి. ఈసారి మాల్యాద్రిని పంపడం లేదు, సున్నం బకెట్టు నేనే మోస్తాను. లిదియమ్మ వస్తే బ్రష్షు దాని చేతికిస్తాను. రాకపోతే రెండు చేతులూ నావే. ఏది ఎట్లా జరిగినా, రేపు ఐదున్నరకు దాని గుమ్మం ముందు ఉంటాను.

ఇట్లు,
మొండితనంలో అచ్చం నాయనే అని నువ్వు తిట్టే
నీ చిన్న కూతురు,
ఏంజెలిన్.