మాస్కు లోపలి తెల్లదుమ్ము

2–7–2006, ఆదివారం
కుప్పం నుంచి కొడుకు మునిరత్నం వచ్చినాడు. ఆడ గ్రానైటు ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్ మీద పని. దగ్గుతానే ఉండాడు. మొగానికి టవల్ కట్టుకుంటాండా గదా నాయనా అంటాడు. టవల్ కట్టుకోనే మా తమ్ముడు ముప్పై ఏండ్లు రాయి కొట్టినాడు. కడాకు మంచంలో పడుకోలేక, కూచోని ఊపిరి పీలుస్తా పోయినాడు. ఇంట్లో ఇంకొకరిని అట్ల చూడను. రేపు మదనపల్లె ఆసుపత్రికి పిల్చుకపోతా.

3–7–2006
ఎక్స్‌రే తీసినారు. రొమ్ము ఇంకా చెడలేదంట, ఇట్లే పోతే చెడుతుందంట. నర్సు జయశీలమ్మ మాస్కు చూపించింది. దాని మీద N95 అని ఉండాది. సన్నదుమ్ము నూటికి తొంభై అయిదు పాళ్ళు ఆపుతుందంట. టవల్ ఆపేది కంటికి కనపడే దుమ్మును, రొమ్ములో దిగేది కనపడని దుమ్ము అనింది. ఒక పెట్టె కొన్నాం.

అంతా బాగుండాది. కడాకు ఆయమ్మ వాని గడ్డం చూసి, ఇది తీసేయల్ల, మాస్కు చర్మానికి అతుక్కోకుంటే పక్కల్లో గాలి దూరుతుంది అనింది. నేను లేసి నిలబడినా. కోడలు యమునకు అయిదో నెల. ముందు రెండు కడుపులు నిలవలేదు. కడుపుతో ఉండేదాని మొగుడు మా ఇంట్లో గడ్డం గీసుకోడు, ఈసారి నేనే గట్టిగా చెప్పి పెంచమన్నా అని చెప్పినా. ఆచారం మీకు తెలుసు పెద్దాయనా, దుమ్ముకు తెలీదు గదా అనింది. నోటి దురుసు మనిషి.

6–7–2006
ఒక మాస్కు పెట్టుకోని టమోటాకు మందు కొట్టినా. తల తిరిగి గట్టు మీద పడినా. నా భార్య గోవిందమ్మ గోల గోల చేసింది. బూత్ నుంచి జయశీలమ్మకు ఫోన్ చేసి, నీ మాస్కు దండగ అని దులిపినా. ఆయమ్మ నవ్వింది. ఆ తొంభై అయిదు దుమ్ముకు ఇచ్చిన మార్కులు, మందు వాసనకు కాదు పెద్దాయనా, దానికి వేరే రకం ఉంటుంది అనింది. ఇది ముందే చెప్పల్ల గదా.

7–7–2006
గోవిందమ్మ ఆ మాస్కును సబ్బేసి ఉతికి ఆరేసింది. ఉతికితే పనికిరాదంట. పారేసినా.

14–7–2006, శుక్రవారం
నా కండ్లతో చూస్తే గాని నమ్మను. పలమనేరులో బస్సు మారి కుప్పం పోయినా. మునిరత్నం మాస్కు బాగానే పెట్టినాడు. ఒక పట్టీ నడినెత్తి మీద, ఒకటి చెవుల కింద. ముక్కు కాడ రేకు నొక్కినాడు. సాయంత్రం తీసినాడు. బయట తెల్లగా ఉండాది, సరే. లోపల గూడా తెల్లగా ఉండాది. గడ్డంలో, పెదాల మీద, ముక్కు చివర అంతా పిండి. పక్క మిషన్ మీద జాకబ్ అని ఒకడు, నున్నటి మొగం. వాని మాస్కు లోపల వేలు పెట్టి తుడిచి చూసినా. వేలికి ఏమీ అంటలేదు. నీ కొడుకు మాస్కును గడ్డానికి కడతాండాడు పెద్దాయనా, మొగానికి కాదు అని జాకబ్ నవ్వినాడు.

16–7–2006
మునిరత్నం సెలవుకు వచ్చినాడు. నేను నోరు తెరవకముందే యమున అడిగింది. గడ్డం తీయించండి మామా, బిడ్డను ఎత్తుకొనేదానికి వాళ్ళ నాయనకు ఊపిరి ఉండల్ల గదా అనింది. గోవిందమ్మ ఒప్పుకోలేదు. ఇదీ పోతే ఎవరిది పూచీ, నువ్వు చెప్పు అని నన్ను నిలదీసింది. మునిరత్నం మా ఇద్దరినీ చూస్తా దగ్గినాడు.

గడ్డం పెంచే ఆచారం ఎవరు పెట్టినారో నాకు తెలీదు. పెట్టినోళ్ళ కాలంలో ఆ మిషన్ లేదు. అది మాత్రం తెలుసు.

17–7–2006, పొద్దున్నే
వాడు బస్సెక్కకముందే గడ్డం నేనే గొరిగినా. ఎవరినీ అడగలేదు.
దేవుడా, నా పేరు చెంగలప్ప. పుంగనూరు దాటినాక రెండో స్టాపు, పాలకేంద్రం ఎదురిల్లు. పూచీ నాది. ఏమన్నా ఉంటే ఈడికి రా. కోడలుండే పక్క గదిలోకి పోవద్దు.