అరటి నోటు వెనుక పేరు

తాతా, ఆ నోట్ల మీద నువ్వు రాసిన సంగతి మాకెందుకు చెప్పలేదు?

జపాను వాళ్ళు మలయాను ఏలిన కాలం నాటి నీ అరటిచెట్టు నోటును క్లాంగ్ మందిరంలో పురాణం చెబుతూ ఏళ్ల తరబడి పైకెత్తి ఊపాను. "మాయ అంటే ఇదే! యుద్ధం ముగిసింది, ఇది చిత్తుకాగితమైంది!" అని గర్జించాను. ఎప్పుడూ చెట్టు బొమ్మ వైపే చూపించాను.

ఈ ఉదయం, నీ తిథి నాడు, ముందు వరసలోంచి అప్పలమ్మత్త లేచింది. "ఏటి బాబూ, ఎప్పుడూ ఊపడమేనా? ఓపాలి ఇలగియ్యి!" అని లాక్కుంది. అందరూ నవ్వారు. ఆమె నోటు తిప్పి, అంచున ఉన్న పెన్సిల్ అక్షరాలు కూడబలుక్కుంది.

"పైడయ్య... జపానోళ్లు సయాం రైలు పనికి తీసుకుపోయినారు... ఓరి బాబూ, మా నాయన!"

తండ్రి పేరు ఆమె కాగితం మీద చూడటం అదే మొదలు. నా ఒళ్లో తెరిచి ఉన్న గ్రంథం మూసి పక్కన పెట్టాను. నశించేదాని మీద నశించనిది రాసిపెట్టావు తాతా!

నీ పెట్టెలోని మిగతా నోట్లూ తిప్పి చూశాను. ఒక్కో నోటు మీద ఆ రైలు దారి వెయ్యడానికి పోయి తిరిగిరాని ఒక మనిషి పేరుంది. వాళ్ల పిల్లల్లో బతికున్నవాళ్లకు ఎనభై దాటాయి.

ఈ ఉత్తరం నీకు చేరదు. ఇది చేతికందినవాళ్లారా, మీ ఇంటి నుంచి ఎవరైనా సయాం పోయి ఉంటే, రేపనకండి. మీ పెద్దవాళ్లను కారెక్కించి ఈ పూటే మందిరానికి తీసుకురండి. నోట్ల మీది పేర్లు చదువుతున్నాను.