పగిలిన రొట్టె

ప్రియమైన చెల్లెలు రూతుకు,

తిరుపతి నుంచి నీ అక్క సారమ్మ ప్రభువు పేరిట చెప్పే వందనాలు. ఇక్కడ నేను, కమల, అల్లుడు ఆయన దయవల్ల బాగున్నాము. సత్యవేడులో నువ్వు, మరిది, పిల్లలు ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? తగ్గకపోతే తగ్గలేదనే రాయి, నా దగ్గర దాచకు.

నేను చెబుతుంటే కమల రాస్తోంది. మీ బావ పోయాక కూతురింటికి వచ్చానే గాని ఈ ఊరి ఎండ ఇంకా అలవాటు కాలేదు. గ్యాసు మీద వండిన సంగటి నోటికి ఎక్కడం లేదు. వీధిలో నా పేరు ఎవరికీ తెలియదు, అందరికీ నేను కమల వాళ్ల అమ్మనే. అయినా బాగానే ఉన్నాను, దిగులు పడకు.

ప్రతి ఉత్తరంలోనూ "బల్లకు పోతా ఉండావా అక్కా" అని అడుగుతావు. నేను ఎండ సంగతి, నీళ్ల సంగతి రాయించి తప్పించుకున్నాను. పోలేదు రూతూ. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ప్రభువు బల్లలో చేయి పెట్టలేదు, ఆ రొట్టె, ద్రాక్షరసం ముట్టలేదు. నెలలో మొదటి ఆదివారం, బల్ల ఇచ్చే రోజు వస్తుందంటే ముందు రోజు కూర్చుని నన్ను నేను విచారించుకుంటాను. కమల మీద అరిచాను. పక్కింటామె ఇచ్చిన కూరలో ఉప్పు లేదని మొహం మీదే అన్నాను. ప్రార్థనలో కునుకు తీశాను. ఇన్ని పెట్టుకుని ఆ రొట్టె ఎలా ముట్టను? వచ్చే నెల శుభ్రంగా ఉండి తీసుకుందాం అనుకుంటాను. అలాంటి నెల రాదు. రొట్టె పళ్లెం వచ్చే వేళకు లేచిపోయి బయట చెప్పుల దగ్గర నిలబడతాను. నా తప్పు నేను పట్టినంత గట్టిగా పోలీసు కూడా పట్టడు.

ఇక్కడి సంఘంలో బల్ల రొట్టె నెలకొక ఇంటివారు కాల్చి ఇస్తారు. ఈసారి మా వంతు. ఆదివారం తెల్లవారగానే పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఒకటి గుండ్రంగా రాలేదు. ఒకటి మచ్చ పడింది. అన్నీ పక్కన పెట్టేశాను.

"అమా, పిండి అయిపోతా ఉండాది. దేవుడు కొలిచి సూస్తాడా ఏమి?" అంది కమల.

"నువ్వు సూడవు గాబట్టే నేను సూస్తా ఉండా. జరుగు."

చివరిది గుండ్రంగా వచ్చింది గాని అంచు మాడింది, దించేటప్పుడు నడిమికి పగిలింది. పిండి లేదు. పక్కన పెట్టినవి అల్లుడు పాలలో ముంచుకుని తినేశాడు. దాన్నే గుడ్డలో చుట్టి, పాస్టరుగారి భార్యకు ఇచ్చి, పనికి రాదు, అంగడి రొట్టె తెప్పించమన్నాను. ఆమె విప్పి చూసి నవ్వింది.

"విరిచేదానికే గదా పెద్దమ్మా. పగిలిందని ఏడిస్తే ఎట్ల?"

"రొట్టెను మీరు ఒప్పుకుంటారు. నన్ను నేను ఒప్పుకోను. పరీక్ష చేసుకున్నా, తేలింది, నేను పనికిరాను."

"పరీక్ష చేసుకోని తినమని గదా వాక్యంలో ఉండేది పెద్దమ్మా. చేసుకోని చెప్పుల కాడ నిలబడమన్లేదు."

కోపం వచ్చింది. నీకు తెలుసు, నిజం చెప్పినవాళ్ల మీద నాకు ముందు కోపమే.

ఆరాధనలో పాస్టరుగారు ప్రార్థించి రొట్టె ఎత్తి విరిచారు. నేను ఏడ్చిన ఆ పగులు వెంబడే అది రెండుగా విడిపోయింది. నా కాళ్లు అలవాటుగా గుమ్మం వైపు తిరిగాయి. వెళ్లలేకపోయాను. అరచేయి చాపాను. నా వంతుకు అంచు ముక్క వచ్చింది, మాడిన ముక్క. మాడ్చింది నేనే. క్రీస్తు శరీరం అంటూ దాన్నే నా చేతిలో పెట్టారు. తిన్నాను రూతూ.

నేను మారిపోయానని అనుకోవద్దు. నిన్న కూడా కమల మీద అరిచాను. క్షమించమని అడిగి, అన్నం తిన్నాను. మునుపైతే అన్నం మానేసేదాన్ని.

మరిది ఇటు వస్తే కాసిని ఊరమిరపకాయలు పంపు. సారమ్మ బల్లకు పోయిందని మన గుడిలో ఆడవాళ్లకు చెప్పు. కొట్టివేతలు ఎక్కువయ్యాయి, మళ్లీ శుభ్రంగా రాస్తానంటోంది కమల. ఇట్లే పంపమన్నాను.

పిన్నమ్మకు నా వందనాలు, పిల్లలకు ముద్దులు. నా నోరు కొంచెం తగ్గాలని మీ ప్రార్థనలో తలుచుకోండి. దేవుడు మిమ్మల్ని చల్లగా కాపాడాలి.

నీ అక్క,
సారమ్మ
(వేలిముద్ర కొంచెం అలుక్కుపోయింది, ఉండనీ)