మంత్రులు మార్చుకుంటే

చెల్లి షాహిస్తాకు,

బోగోలులో మూడు రోజులుగా ముసురు. సముద్రపు గాలికి దూది చెమ్మగిల్లి ముద్ద కడుతోంది. పొద్దున్నుంచి నేనూ అమ్మా కలిసి ఒక్క పరుపే కుట్టగలిగాం. అది తప్పితే ఇంట్లో అందరం క్షేమం. నువ్వూ చెన్నైలో వేళకు తింటున్నావనుకుంటాను.

మన స్కూలు క్రీస్తురాజు సార్ చేత నువ్వు పంపిన ఉత్తరం అందింది. జాతీయ చెస్ పోటీ అయ్యేదాకా ఫోను తెరవనన్నావు కాబట్టి నేనూ రాసే పంపుతున్నాను. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నీ పిల్లి దూది బస్తాలోనే ఈనింది. అమ్మ దాన్ని కదలనివ్వడం లేదు.

అంగడికి ఎవరొచ్చినా నీ సంగతే. మొన్న దిండ్ల కోసం వచ్చిన చెంచమ్మ, “మీ చెల్లెలు టీవీలో పడిందంట గదా. నీకు రాదా ఆ ఆట?” అనింది. నీకు నేర్పింది నేనేనని అమ్మ చెప్పింది. “అట్నా! మరి నువ్వు పోలేదేంది?” అని చెంచమ్మ నవ్వింది. అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది.

నెల్లూరు ఎంపిక పోటీలో నీ చేతిలో ఓడాక నేను చెస్ ఆడలేదు. నువ్వు బయల్దేరిన రోజు నాయన బోర్డు తీసి నీ సంచిలో పెట్టాడు. అది నాకు కొనిచ్చిన బోర్డు. నన్ను ఒక మాట అడగలేదు. నువ్వూ అడగలేదు.

ఇక అసలు సంగతి. రేపటి ఆఖరి ఆటలో నీకు ఎదురు కూర్చునే తడ ఊరి మగ్దలీన నిన్న సాయంత్రం నాకు ఫోన్ చేసింది. “నిజానికి ఇక్కడికి రావాల్సింది నువ్వక్కా. షాహిస్తాకు కలిసొచ్చింది, అంతే,” అనింది. ఆ మాట ఇంకోసారి అంటే బాగుండుననిపించింది. “దాంతో ఎట్లా ఆడాలక్కా?” అని అడిగింది. చెప్పేశాను. మంత్రులు మార్చేసుకుంటే మా చెల్లికి ఓపిక ఉండదు, నువ్వు నింపాదిగా ఆడు, అదే తొందరపడి బంట్లు పోగొట్టుకుంటుంది అన్నాను. గెలిస్తే నీకు పతకం వస్తుందని తెలిసే చెప్పాను.

రేపు ఆమె మంత్రిని ఎదురు పెడితే నువ్వు మార్చుకోకు. తప్పనిసరైతే మార్చుకో, ఆ తర్వాత తొందరపడకు. నీ ఆట చూడటానికి నాయన ఈ సాయంత్రం బయల్దేరుతున్నాడు. ఇది ఆయన చేతికిస్తాను.

ఇట్లు,
నీ అక్క సాహిరా

వాకిట్లో నాయన, “ఉత్తరం ఇయ్యమ్మా, బస్సుకు టైమైపోయింది,” అన్నాడు. ఇంకా కాలేదన్నాను. ఉత్తరం లేకుండానే నాలుగింటి బస్సుకు వెళ్ళిపోయాడు.