పళ్ళాసుపత్రి కర్టెన్లూ, మా అన్నయ్య విమర్శా

అన్నయ్యకి నమస్కారాలు.

ఇక్కడంతా కులాసా. కర్టెన్ల షాపు పెట్టాక మొదటిసారి పెద్ద ఆర్డరు గుమ్మం దాకా వచ్చింది. మా వీధి చివర పళ్ళ డాక్టరుగారు ఆసుపత్రి గదులన్నింటికీ కొత్త కర్టెన్లు వేయిస్తారట. కంప్యూటరుకి రంగులు చెప్పి మీట నొక్కితే అదే ఏవో బొమ్మలు గీసిపెడుతుంది, నేను గుడ్డ మీద అచ్చు వేస్తాను. ఒక ముక్క పంపుతున్నాను. చిక్కేమిటంటే డాక్టరుగారు నీ వీరాభిమాని. పత్రికలో నువ్వు రాసే కళా విమర్శలు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆఖరిదాకా చదువుతారట. "మీ అన్నయ్యగారు బాగుందంటే నాకు ఇంకేం అక్కర్లేదమ్మా" అన్నారు. కాబట్టి 'బాగుంది' అని రాసి పడెయ్యి. ఈ ఆర్డరు పోతే షాపు మూసేసి మళ్ళీ టైలరు దగ్గర గుండీలు కుట్టుకోవాలి.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. ఒక్క మాట అంటే ఒక్క మాటే.

*

చిరంజీవి చెల్లికి ఆశీస్సులు.

'కర్టెన్లు' అని వినయంగా రాశావు. నేను మోసపోను. ఇందులోని ఎర్రటి గుండ్రం గుండ్రం కాదు, గుండ్రం కాలేకపోయినదాని ఆత్మకథ. చుట్టూ ఉన్న తెల్లటి గళ్ళు ఒక్కొక్కటిగా కదిలి ఊడిపోతున్న నాగరికత. నడుమ నోరు తెరిచి మానవజాతి పెడుతున్న కేక నాకు స్పష్టంగా వినిపించింది. యంత్రానికి నొప్పి తెలియదంటారు. ఈ యంత్రం నరాన్ని బయటికి లాగి ఎండలో ఆరేసింది! మూడు పేజీల వ్యాసం జతచేశాను. డాక్టరుగారికి చూపించు.

శుభాకాంక్షలతో,
అన్నయ్య

తా.క. వ్యాసమంతా అయ్యాక, బొమ్మ తలకిందులుగా పట్టుకున్నానని మీ వదిన చెప్పింది. తిప్పి చూశాను. ఒక్క వాక్యం కూడా మార్చాల్సిన పని పడలేదు.

*

అన్నయ్యకి,

కొంప ముంచావు. డాక్టరుగారు సంబరపడిపోయి నీ వ్యాసాన్ని బయట కూర్చున్న రోగులకి గొంతెత్తి చదివి వినిపించారు. నరం దగ్గరికొచ్చేసరికి ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. బుగ్గ వాచిన పెద్దాయన ఒకరు తనకసలు నొప్పే లేదని దబాయించి మరీ వెళ్ళారు. డాక్టరుగారు చెమటలు తుడుచుకుంటూ "కాస్త చల్లగా ఉండేది చూడమ్మా" అన్నారు. ఇదిగో, లేత నీలం, అందులో రెండు గీతలు. ఇందులో ఎవరూ కేకలు పెట్టరు. బాగుందని రాయి, నీకు పుణ్యముంటుంది.

నీ చెల్లెలు

తా.క. వదిన పక్కనుండగా రాయి. కనీసం బొమ్మ నిటారుగా ఉంటుంది.

*

చెల్లికి ఆశీస్సులు.

ఈ నీలం నన్ను వణికించేసింది. ఇది మత్తు. సూది దిగాక మనిషికీ ప్రపంచానికీ తెగిపోయే బంధం. ఆ రెండు గీతల్లో ఒకటి పడుకున్నవాడి ఆశ, రెండోది వాడు మళ్ళీ లేవడేమోనన్న భయం. కానీ కింది మూలలో ఆ ఆకుపచ్చ చుక్క! భూగోళం వదులుతున్న ఆఖరి ఊపిరి! ఈసారి వ్యాసం ఐదు పేజీలయింది.

అన్నయ్య

తా.క. ఆ చుక్కకి కంప్యూటరును నా తరఫున అభినందించు.

*

అన్నయ్యకి,

ఆ చుక్క కంప్యూటరు పెట్టింది కాదు. ప్రింటరులో ఇంకు కారింది. అది తుడిచేసి, చుక్క లేకుండా మళ్ళీ అచ్చు వేశాను. ఇప్పుడు డాక్టరుగారు "ఆఖరి ఊపిరి తీసేశావేమిటమ్మా" అని దిగులుపడుతున్నారు. ఈ వారంలో తేలకపోతే ఆర్డరు వేరే షాపుకి ఇచ్చేస్తారట.

నాకు ఏడుపొస్తోంది. చిన్నప్పుడు నేను కుట్టిన మొదటి గౌను చూపిస్తే "ఇది దేన్ని నిరాకరిస్తోంది?" అన్నావు. మా ఆయన్ని మొదటిసారి తీసుకొస్తే "ఇంకా అసంపూర్తిగా ఉంది" అన్నావు. ఎవరెవరి గీతలకో పేజీలకి పేజీలు రాస్తావు, నా పని ఒక్కసారైనా బాగుందన్నావా? పసుపు రంగుతో ఆఖరి ముక్క పంపుతున్నాను. రాస్తే ఆ మాట రాయి, లేకపోతే మానెయ్యి.

చెల్లెలు

తా.క. ఈసారి మూలల్లో ఏమీ లేదు. వెతక్కు.

*

చెల్లీ,

నీ ఉత్తరం చదివి మీ వదిన నా చేతిలో కలం లాక్కుంది. "ముందు చూడండి, తర్వాత రాద్దురుగాని" అంది. గుడ్డని మా కిటికీకి కట్టాం. పొద్దుటి వెలుగు ఆ పసుపులోంచి నేల మీదికి దిగింది. కప్పులో కాఫీ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. ఒక్క ఆలోచన వస్తే ఒట్టు. సిగ్గేసింది, హాయిగానూ ఉంది.

బాగుంది.

అన్నయ్య

తా.క. ఐదు పేజీలు ఒక్క పూటలో రాసినవాణ్ణి, ఈ ఒక్క మాటకి రెండు పూటలు పట్టింది. మధ్యలో 'అస్తిత్వం' అని రాయబోతే మీ వదిన చూసేసింది.

*

మా మంచి అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "ఒక్క మాటేనా? అంటే ఇందులో సరుకు లేదన్నమాట. ఐదు పేజీలదానికి నువ్వు ఊపిరి తుడిచేశావు. మూడు పేజీలదే ఖాయం చెయ్యి" అన్నారు!

గదులన్నింటికీ ఆ కేకే వేలాడదీశాను. రోగులంతా పారిపోతారని నా గుండెల్లో రాయి పడింది. తీరా చూస్తే, కుర్చీలో వాలినవాళ్ళు వాలినట్టే ఆ బొమ్మేమిటో తేల్చుకోలేక నోరెళ్ళబెట్టి చూస్తున్నారు. "నోరు తెరవండి అని చెప్పే పనే తప్పిందమ్మా" అని డాక్టరుగారు ఒకటే మురిసిపోవడం. పై అంతస్తుకి కూడా అదే కావాలట.

వదినకి నా ముద్దులు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. ఆ పసుపుది ఇంకొకటి అచ్చు వేసి మా షాపు కిటికీకి కట్టుకున్నాను. రోజూ ఎవరో ఒకరు ధర అడుగుతున్నారు. అమ్మనంటే ఎందుకని అడుగుతున్నారు. మా అన్నయ్య బాగుందన్నాడండీ అని చెబుతున్నాను.